ఓటుకు పనికొచ్చిన తెలుగు బడికెందుకు పనికిరాదు?

(బెంగళూరులో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. హోసూరు నుంచి, మాలూరు నుంచి, చింతామణి నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళే ఈ హాల్లో సగం మంది కనిపిస్తున్నారు. మిగతావాళ్ళు బెంగళూరువాళ్ళే అయినా, కదిలిస్తే వాళ్ళ అవ్వాతాతల ఊరు కూడా ఆ చుట్టుపక్కలే తేలుతుంది. అందుకని పరిచయాలు పక్కనబెట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

2024 జూన్ 25న లోక్‌సభలో కొత్త సభ్యుల ప్రమాణ స్వీకారం జరుగుతోంది. తమిళనాడు వంతు వచ్చింది. దాదాపు అందరూ తమిళంలో ప్రమాణం చేస్తూ పోయారు. కృష్ణగిరి నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచిన కె. గోపీనాథ్ గారు లేచి, రాజ్యాంగం ప్రతి చేత్తో పట్టుకుని, తెలుగులో ప్రమాణం చేశారు. చివర తమిళంలో వణక్కం చెప్పి, జై తమిళనాడు అన్నారు. ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. తమిళనాడు ఎంపీ తెలుగులో మాట్లాడ్డమేమిటని దూరాన ఉన్న మన బంధువులు ఫోన్లు చేసి అడిగారు. హోసూరువాళ్ళకు మాత్రం అందులో వింతేమీ లేదు. 2001, 2006, 2011 ఎన్నికల్లో వరసగా మూడుసార్లు ఆయన్ని ఎమ్మెల్యేగా గెలిపించిన ఊరది.

నాకు ఆ రోజు చాలా సంతోషమేసింది. తెలుగులో ప్రమాణం, తమిళనాడుకు జై. రెండూ ఒక్క నోటి నుంచే వచ్చాయి, ఒకదానికొకటి అడ్డం పడలేదు. సరిహద్దు మనుషులు రోజూ బతికే బతుకే అది. అయితే ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఆ ప్రమాణం తర్వాతి సంగతి. ఢిల్లీ దాకా వెళ్ళిన తెలుగు, కృష్ణగిరి జిల్లాలో ఒక పల్లె బడి ఒకటో తరగతి గదిలోకి వెళ్ళగలుగుతోందా? తాలూకాఫీసు కౌంటరు దగ్గర వినబడుతోందా? మన భాష మాట్లాడే మనిషిని గెలిపించడం ఒక పని. మన భాషకు రావలసింది ఆ మనిషి చేత రాబట్టడం ఇంకో పని. మొదటిది మనకు బాగా వచ్చు. రెండోదాని జోలికి మనం పోవడం లేదు.

కొంచెం వెనక్కి వెళ్ళక తప్పదు. పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఈ కథ చెప్పుకునేటప్పుడు మనం మద్రాసు నగరం పోయిందన్న దగ్గర ఆగిపోతాం. పల్లెల సంగతి అంతగా చెప్పుకోం. 1955లో ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్‌లతో కూడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నివేదిక ఇచ్చింది. కోలారు జిల్లాలో 1951 లెక్కల ప్రకారం తెలుగు మాట్లాడేవాళ్ళు సగానికి మించి ఉన్నారు. ఆ సంగతి తెలిసే, ఆ జిల్లాను కన్నడ రాష్ట్రంలో ఉంచమని సంఘం చెప్పింది. హోసూరు తాలూకాలో ఏ ఒక్క భాషకూ సగం బలం లేదు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ కలగలిసిన తాలూకా అది. సేలం జిల్లాలో భాగంగా మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి మారింది.

తిరుత్తణి సంగతి ఇంకో రకం. ఆంధ్ర, మద్రాసుల సరిహద్దు తగువులో మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ గారి తీర్పు ప్రకారం 1959లో పార్లమెంటు చట్టం చేసింది, 1960 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఊరును ప్రమాణంగా తీసుకున్నారు. ఆ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువ, పక్క ఊళ్ళతో అది కలిసి ఉందా, ఈ రెండూ చూసి గీత గీశారు. చిత్తూరు జిల్లా తిరుత్తణి తాలూకాలో చాలా భాగం మద్రాసుకు వెళ్ళింది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల నుంచి సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. 1955లో ఆంధ్ర శాసనసభకు ఓటేసిన మనిషి, ఇల్లు మారకుండా, పొలం మారకుండా, 1962లో మద్రాసు శాసనసభకు ఓటేశాడు.

ఆ గీతలు తప్పని నేను చెప్పడం లేదు. ఊరు లెక్కన గీసినా, తాలూకా లెక్కన గీసినా కొంతమంది అవతల మిగులుతారు. గీసినవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. అందుకే 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350ఏ, 350బీ అధికరణాలు చేర్చారు. మొదటిది, భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమని రాష్ట్రాలకు చెబుతుంది. రెండోది, ఈ రక్షణలు అమలవుతున్నాయో లేదో చూడ్డానికి రాష్ట్రపతి ఒక ప్రత్యేక అధికారిని నియమించాలంటుంది. ఆ అధికారి నివేదికలు పార్లమెంటు ముందు పెట్టాలి. గీతకు అవతల మిగిలినవాళ్ళకు దేశం ఇచ్చిన మాట ఇది. ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడింది కాదు. మనం అడిగేటప్పుడు గొంతు తగ్గించుకోవలసిన పని లేదు.

2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు 42 లక్షల పైచిలుకు. కర్ణాటకలో 35 లక్షల పైన. రెండు రాష్ట్రాల్లోనూ జనాభాలో ఆరు శాతానికి కాస్త తక్కువ. చిన్న సంఖ్యలు కావివి. కానీ శాసనసభలో ఈ భాష పేరు వినిపించేది ఎప్పుడో అరుదుగా.

అంతమాత్రాన ఆ ప్రాంతాల్లో తెలుగు చచ్చిపోతోందనుకుంటే పొరపాటు. చింతామణి దగ్గర కైవారం పోయి చూడండి. గాజులమ్ముకునే నారాయణప్ప యోగిగా మారిన చోటు అది. మనవాళ్ళంతా కైవారం తాతయ్య అంటారు. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పాడు, కాలజ్ఞానం చెప్పాడు. ఆ తెలుగు తత్వాలు అక్కడ కన్నడ లిపిలో అచ్చవుతాయి. భజన జరిగేటప్పుడు వెనక కూర్చుని ఒకసారి గమనించండి. తంబూర పట్టుకున్న పెద్దాయన ముందు పుస్తకం తెరిచి ఉంటుంది. అక్షరాలు కన్నడం. నోట్లోంచి వచ్చేది తెలుగు. పక్కన తాళం వేసే కుర్రాడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, పేరు మాత్రం తెలుగులో రాయలేడు. పల్లవి ఎత్తుకోగానే హాలంతా అందుకుంటుంది, పుస్తకం చూసుకోవలసిన అవసరం ఎవరికీ రాదు. రెండు వందల ఏళ్ళుగా ఆ పాట అలా నడుస్తోంది.

చిత్తూరు, కృష్ణగిరి సరిహద్దు ఊళ్ళలో ద్రౌపదమ్మ గుడి దగ్గర జరిగే భారతం కూడా అలాంటిదే. 18 రోజులు పగలు కథ, రాత్రి నాటకం. అర్జునుడు తపసుమాను ఎక్కే రోజున కింద ఆడవాళ్ళు కొంగులు పట్టి నిలబడతారు. చివరి రోజు మట్టితో ఇంత పొడుగు దుర్యోధనుణ్ణి నేల మీద పడుకోబెట్టి, భీముడు వేషగాడు చుట్టూ తిరిగి తొడ మీద కొడతాడు. ఒక ఊళ్ళో కథ తెలుగులో, నాలుగు మైళ్ళవతల ఊళ్ళో తమిళంలో. రెండు చోట్లా జనం వాళ్ళే. ఏ ప్రభుత్వ గ్రాంటూ లేకుండా, ఊరి చందాలతో నడుస్తున్న వ్యవహారం ఇది.

కాబట్టి సంస్కృతి తన బతుకు తాను బతుకుతోంది. రాజకీయ నాయకులకు ఇది చక్కగా తెలుసు. చిక్కబళ్ళాపురంలో 2019 డిసెంబరు ఉప ఎన్నికలో, మళ్ళీ 2023లో, కె. సుధాకర్ గారి తరఫున ప్రచారానికి బ్రహ్మానందం గారు వచ్చారు. జీపు మీద నిలబడి తెలుగులో మాట్లాడారు, జనం ఈలలు వేశారు. అందులో తప్పేమీ లేదు. ఓటరుకు అర్థమయ్యే భాషలో మాట్లాడాలి, ఓటరుకు ఇష్టమైన మనిషిని తేవాలి. బాగేపల్లిలో, గౌరిబిదనూరులో, వేపనపల్లిలో, హోసూరులో ఏ పార్టీవాడైనా తలుపు తట్టి తెలుగులోనే అడుగుతాడు. ఆటో మీద మైకు తెలుగులో మోగుతుంది. నా బాధ అక్కడ కాదు. ఫలితాలొచ్చిన మర్నాడు ఆ మైకు తీసేశాక, అదే తెలుగుతో ఒక అర్జీ రాసి పట్టుకెళితే ఏమవుతుందన్న దగ్గర ఉంది. నిజానికి రాజ్యాంగం 350 అధికరణం ప్రకారం, తనకు జరిగిన అన్యాయం గురించి ఏ అధికారికైనా ఆ రాష్ట్రంలోగానీ కేంద్రంలోగానీ వాడే ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. మన ఊళ్ళలో ఎంతమందికి ఈ మాట చెప్పాం?

మరి మన ఓటుకు భాష విషయంలో బలమెందుకు లేదు? నాకు తోచిన కారణం చెబుతాను. సరిహద్దు నియోజకవర్గాల్లో జనం భాష చూసి ఓటెయ్యరు. బాగేపల్లిలో 1994లో, 2004లో సీపీఎం తరఫున జి.వి. శ్రీరామరెడ్డి గారు గెలిచారు. తళ్ళిలో 2011లోనూ 2021లోనూ సీపీఐ గెలిచింది. భూమి, కూలి, నీళ్ళు చూసి వేసిన ఓట్లవి. కోలారులో వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా నీళ్ళు పడని ఊళ్ళున్నాయి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి 2018 నుంచి అక్కడి చెరువులకు పంపుతున్నారు. అలాంటి చోట నీళ్ళ గురించి మాట్లాడేవాణ్ణి కాదని భాష గురించి మాట్లాడేవాడికి ఓటెయ్యమని నేను అడగను. అడగకూడదు కూడా. కానీ గెలిచినవాడు ఎవరైనా సరే, అతని బల్ల మీద భాషకు సంబంధించిన కాగితం ఒకటి ఉండాలి. ఆ కాగితం పెట్టవలసింది మనం.

ఇంకో కారణం చట్టంలోనే ఉంది. నియోజకవర్గాల పునర్విభజన చట్టం, 2002లో తొమ్మిదో సెక్షన్ చదవండి. నియోజకవర్గం గీసేటప్పుడు చూడవలసినవి ఏమిటంటే, ప్రాంతం ఒక్క చోట కూడుకుని ఉండడం, కొండలూ ఏర్లూ, జిల్లా తాలూకా హద్దులు, రాకపోకల వసతి, ప్రజల సౌకర్యం. భాష అన్న మాట లేదు. ఎస్సీ, ఎస్టీలకు సీట్లు రిజర్వు చేసే ఏర్పాటుంది, ఉండాలి కూడా. భాషా మైనారిటీకి అలాంటిదేమీ లేదు. మనకున్న ఏకైక బలం ఒక్క చోట గుంపుగా ఉండడం. గీత ఆ గుంపు మధ్యలోంచి పోయిందంటే రెండు సీట్లలోనూ లెక్కలోకి రాకుండా పోతాం. 2008లో అమల్లోకి వచ్చిన పునర్విభజనలో వేపనపల్లి కొత్త సీటుగా వచ్చింది. కృష్ణగిరి లోక్‌సభ స్థానం కింద ఇప్పుడు ఊత్తంగరై, బర్గూరు, కృష్ణగిరి, వేపనపల్లి, హోసూరు, తళ్ళి, ఈ ఆరున్నాయి. పునర్విభజన మళ్ళీ జరిగినప్పుడు ముసాయిదా ప్రచురిస్తారు, అభ్యంతరాలు అడుగుతారు, బహిరంగ విచారణ పెడతారు. ఆ విచారణలో ఊరిపేర్లతో సహా ఒక కాగితం ఇచ్చే తెలుగు సంఘం ఒక్కటైనా ఉండాలి. సినిమా వందరోజుల ఫంక్షన్‌కు చూపే శ్రద్ధలో పదో వంతు చాలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనం తెలుగువాళ్ళ ప్రాతినిధ్యం అన్నప్పుడు మన మనసులో ఎవరుంటారు? పొలమున్న రెడ్డో, నాయుడో, గౌడో గెలిస్తే మనవాడు గెలిచాడంటాం. తమిళనాడులో అరుంధతీయుల్లో ఎంతోమంది ఇంటి భాష తెలుగు. 2009లో ఎస్సీ కోటాలో వాళ్ళకు 3 శాతం ఉప కోటా ఇచ్చింది తమిళనాడు. ఆ పోరాటం వాళ్ళు చేసుకున్నారు, ఏ తెలుగు సంఘమూ వాళ్ళ పక్కన నిలబడినట్టు నేను చూడలేదు. బెంగళూరులో తెల్లారక ముందే రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల మాట వినండి. చాలామందిది తెలుగే. మన రోడ్డు ఊడ్చే అమ్మ, మనమూ ఒకే భాష మాట్లాడుతూ ఒకే వార్డులో ఉంటాం. ఉగాదికి ఆమెను పిలుస్తున్నామా? వార్డు ఎన్నిక వస్తే ఆమె కూతురికి టికెట్ ఇమ్మని అడుగుతున్నామా? వాళ్ళను లెక్కలో కలుపుకోని తెలుగు రాజకీయం నాకు వద్దు.

ఇప్పుడు ఓటరు జాబితా సంగతి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భలకూ అంతే. తమిళానికి అది సరిపోతుంది, ఆ భాష తీరే అది. కానీ భాగ్యమ్మ పేరు ఆ లిపిలో ఎక్కాక, దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి కంప్యూటరు మారిస్తే పాక్కియమ్మ అవుతుంది. గంగప్ప కంగప్ప అవుతాడు. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, ఓటరు కార్డులో ఇంకోలా. ఎప్పుడో పెళ్ళికి ముందు బాగేపల్లిలో ఓటున్న ఆడపిల్ల హోసూరు కోడలైతే కన్నడంలో ఇంకోటి. 2025 నవంబరులో తమిళనాడులో ఓటరు జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైనప్పుడు, 2002, 2005 నాటి పాత జాబితాల్లో పేరు వెతుక్కోవలసి వచ్చింది. మా పెద్దమ్మ పేరు కోసం నేనూ మా తమ్ముడూ ఫోన్లో పీడీఎఫ్ పేజీలు తిప్పుతూ కూర్చున్నాం. పెద్దమ్మ పక్కనే కూర్చుని, నేను ప్రతిసారీ అదే చెట్టు కింద బూత్‌లో వేశాను కదమ్మా, నన్ను మళ్ళీ ఎందుకు వెతుకుతున్నారు అని అడుగుతూనే ఉంది. చివరికి దొరికింది. ఇంటి నంబరూ, పెదనాన్న పేరూ చూసి పోల్చుకున్నాం గానీ ఆమె పేరు చూసి కాదు. చదువుకున్న పిల్లలు ఇంట్లో లేని ముసలివాళ్ళు ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించండి.

దీనికి దారి లేకపోలేదు. 1960 నాటి ఓటర్ల నమోదు నియమాల్లో నాలుగో నియమం, జాబితా ఏ భాషలో లేదా ఏ భాషల్లో తయారవ్వాలో ఎన్నికల సంఘం చెప్పవచ్చంటుంది. మైనారిటీ భాషవాళ్ళు ఐదో వంతు గానీ అంతకు మించి గానీ ఉన్న చోట ఆ భాషలో కూడా జాబితా ఇచ్చే పద్ధతి సంఘం దగ్గర ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు. ఏయే బూత్‌ల పరిధిలో ఐదో వంతు దాటుతున్నామో లెక్క తీసి, జిల్లా ఎన్నికల అధికారి అయిన కలెక్టరుకు ఇవ్వాలి. ఇది ఎమ్మెల్యే ఒక్క ఉత్తరంతో ముందుకు నెట్టగల పని.

బడి దగ్గరికి వస్తాను. నేను ఎక్కువ మాట్లాడదలచుకున్నది దీని గురించే. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది. బడి మొత్తమ్మీద 40 మంది పిల్లలు గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఆ భాష కావాలంటే టీచరును ఇవ్వాలి. 1956లో కేంద్రం దాన్ని ఖాయం చేసింది. 350బీ కింద నియమించే ప్రత్యేక అధికారి అని ఇందాక చెప్పానే, ఆ భాషా మైనారిటీ కమిషనరు ఇప్పటికీ చూసేది ఈ లెక్కే. పది మంది పిల్లలు! మన పల్లెల్లో పది మంది తెలుగు పిల్లలు లేరా? ఉన్నారు. కానీ అడిగినట్టు రికార్డు లేదు. బడులు తెరిచేముందే తల్లిదండ్రులు తమ పిల్లలకు మాతృభాష కావాలని పేరు నమోదు చేసుకునే రిజిస్టరు పెట్టాలన్న నిర్ణయం కూడా పాతదే. ఆ రిజిస్టరు చూపించమని హెడ్మాస్టర్ను అడిగిన తల్లి ఎవరైనా ఉన్నారా ఈ హాల్లో?

జరిగేదేమిటో మీకు తెలుసు. తెలుగు టీచరు రిటైరవుతాడు. పోస్టు ఖాళీగా పడి ఉంటుంది. రెండేళ్ళు పక్క ఊరి టీచరు వారానికి రెండు రోజులు వచ్చి వెళతాడు. తల్లిదండ్రులు విసిగిపోయి పిల్లల్ని ఇంగ్లీషు మీడియానికి మారుస్తారు. పిల్లలు తగ్గారని చెప్పి పోస్టే ఎత్తేస్తారు. కాగితం మీద చూస్తే తెలుగుకు గిరాకీ లేక పోస్టు పోయినట్టు ఉంటుంది. పోస్టు నింపక గిరాకీ పోయిందన్నది ఎక్కడా రాసి ఉండదు. ఎమ్మెల్యే అన్న మనిషి అడ్డం పడవలసింది సరిగ్గా ఆ మొదటి రెండేళ్ళలో. శాసనసభలో ఒక ప్రశ్న వేస్తే చాలు, ఎన్ని తెలుగు పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీ, ఎప్పటి నుంచి ఖాళీ అని. జవాబు రికార్డులో ఉంటుంది.

తమిళనాడు 2006లో బడుల్లో తమిళం తప్పనిసరిగా నేర్పే చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి పెంచుతూ పోయారు, 2016 నాటికి పదో తరగతికి చేరింది. నా మాట స్పష్టంగా వినండి. తమిళనాడులో ఉన్న తెలుగు పిల్ల తమిళం నేర్చుకోవలసిందే. ఉద్యోగం అక్కడ, స్నేహాలక్కడ, ఆ భాష గొప్పతనమూ తక్కువది కాదు. మన పిల్లలు తమిళం చక్కగా మాట్లాడతారు కూడా. గొడవ వచ్చిందెక్కడంటే, తమిళం చెప్పే టీచరును సరిగా ఇవ్వకుండా, మాతృభాష పేపరుకు చోటు తగ్గించి, తిన్నగా పబ్లిక్ పరీక్ష పెట్టిన చోట. భాషా మైనారిటీ పిల్లలు ఏడాదికోసారి కోర్టుకెక్కి తమిళం పేపరు నుంచి మినహాయింపు తెచ్చుకోవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఇంకో ఏడాది పొడిగించింది. పదో తరగతి పిల్ల పరీక్షకు నెల ముందు దాకా ఏ పేపరు రాయాలో తెలియకుండా కూర్చోవడం ఎంత అన్యాయం! ఆ ఇళ్ళు ఉన్న నియోజకవర్గాలకు ఎమ్మెల్యేలున్నారు. వాళ్ళు శాసనసభలో తేల్చవలసిన విషయాన్ని పిల్లల తల్లిదండ్రులు వకీళ్ళకు ఫీజులు కట్టి తేల్చుకున్నారు.

శాసనసభలో తెలుగు వినిపించడానికి కూడా దారి ఉంది. 210 అధికరణం ప్రకారం సభ్యుడు రాష్ట్ర భాషలో గానీ, హిందీలో గానీ, ఇంగ్లీషులో గానీ మాట్లాడాలి. వాటిలో సరిగా చెప్పలేనివాళ్ళకు మాతృభాషలో మాట్లాడే అనుమతి స్పీకరు ఇవ్వవచ్చు. నాకు మాత్రం తెలుగులో మాట్లాడిన పది నిమిషాల కన్నా, తెలుగు పోస్టుల మీద తమిళంలోనో కన్నడంలోనో అడిగిన ఒక్క ప్రశ్నే ఎక్కువ.

(సభలో ఒకరు: కుప్పంలో తమిళం మాట్లాడేవాళ్ళ సంగతేమిటి?)

మంచి ప్రశ్న అన్నా. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. 1989 నుంచి చంద్రబాబు నాయుడు గారు గెలుస్తున్న సీటు, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టిన ఊరు. అక్కడ ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. హోసూరులో తెలుగు పిల్లకు మనం అడిగేది ప్రతి ఒక్కటీ కుప్పంలో తమిళ పిల్లకు ఆంధ్ర ప్రభుత్వం ఇవ్వాలి. అక్కడ పది మంది పిల్లలు అడిగితే తమిళ టీచరు రావాలి. ఆ మాట మనమే ముందు అనాలి. మన వైపు నుంచి ఆ పని జరగనంత కాలం చెన్నైలో మన మాటకు బరువుండదు. హోసూరు తెలుగు సంఘం, కుప్పం తమిళ కుటుంబాలు కలిసి ఇద్దరు కలెక్టర్లకూ ఒకే అర్జీ ఇస్తే దాన్ని పక్కన పెట్టడం ఎవరికీ తేలిక కాదు.

(సభలో మరొకరు: అమ్మా, మా పిల్లలు ఇక్కడే పుట్టారు, కన్నడమే ఎక్కువ మాట్లాడతారు. జనగణనలో ఏం రాయించాలి?)

చాలామందికి ఉన్న అనుమానమే ఇది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టి జనగణనకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. 2011లో మాతృభాష ఒక గడిలో, తెలిసిన మరో రెండు భాషలు ఇంకో గడిలో అడిగారు. మాతృభాష అంటే జనగణన చెప్పే అర్థం ఏమిటంటే, చిన్నప్పుడు ఆ మనిషితో వాళ్ళ అమ్మ మాట్లాడిన భాష. బడిలో ఏది చదివారన్నది కాదు, ఇప్పుడు ఏది బాగా వచ్చన్నది కూడా కాదు. మీరు మీ పిల్లలతో పసితనంలో తెలుగు మాట్లాడి ఉంటే తెలుగు. కన్నడం మాట్లాడి ఉంటే కన్నడం, ఉన్నదున్నట్టు రాయించండి, అందులో చిన్నతనం లేదు. రెండో గడిలో తెలుగు వస్తుందని చెప్పండి. ఇంటికి వచ్చినవాళ్ళు పేరు చూసో, వీధి చూసో తామే ఒక భాష వేసేసుకోవచ్చు. ఇంట్లో ప్రతి మనిషికీ విడివిడిగా అడగమనండి. మీ అత్తగారిది, మీది, పిల్లలదీ వేరు వేరు కావచ్చు. రాసుకున్నాక ఆ గడి ఒకసారి చదివి వినిపించమనండి. పల్లెల్లో ఉన్న పెద్దవాళ్ళకు ఇప్పుడే ఫోన్ చేసి ఈ సంగతి చెప్పి పెట్టండి, ఎందుకంటే మన భాషవాళ్ళు ఎంతమంది ఉన్నారన్న ప్రభుత్వ లెక్క వచ్చేది ఆ గడిలోంచే.